అద్దె పుస్తకాల అరుగు: పదో భాగం దగ్గర ఆగిపోయినవాళ్ళకి

పోయిన నెల ఈ శీర్షికలో ‘ది వీల్ ఆఫ్ టైమ్’ గురించి నాలుగు ముక్కలు రాశాను. అమెరికన్ రచయిత రాబర్ట్ జోర్డాన్ 1990లో మొదలుపెట్టిన 14 భాగాల ఫాంటసీ నవల అది. టూ రివర్స్ అనే మారుమూల ప్రాంతంలో గొర్రెలు కాసుకునే రాండ్ అనే కుర్రాడు. లోకాన్ని చీకటి దేవుడి బారి నుంచి కాపాడాల్సింది తానేనని వాడికి తెలియడంతో కథ ఊపందుకుంటుంది. “అన్నీ బాగుంటాయి, పదోది మాత్రం ఓపిక పట్టి చదవాలి” అని అప్పుడు ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. ఈ నెల ఉత్తరాలన్నీ ఆ వాక్యం మీదే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. ఇంకా తొమ్మిదో భాగం దాకా రానివాళ్ళు ఈ పేజీ దాచుకుని తర్వాత చదవండి. కథ ముందే తెలిసిపోతే నాకే బాధగా ఉంటుంది.

అంకుల్, తొమ్మిది భాగాలు ఆరు నెలల్లో పూర్తి చేశాను, మెట్రోలో నిలబడి కూడా చదివాను. పదోది ‘క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్వైలైట్’ మాత్రం మూడు వారాలుగా 150వ పేజీ దగ్గరే ఉంది. ఫ్రెండ్సంతా దాన్ని వదిలేసి, సారాంశం చదువుకుని పదకొండుకి వెళ్ళిపొమ్మంటున్నారు. వెళ్ళిపోనా?
— ఐటి ఉద్యోగిని, మియాపూర్, హైదరాబాద్

వద్దమ్మా. ఎందుకు వద్దంటున్నానో చెప్తాను.

విజయవాడలో నేను 22 ఏళ్ళు అద్దె పుస్తకాల షాపు నడిపాను. తెలుగు నవలలే ఎక్కువ. బీటెక్ పిల్లల కోసం లావుపాటి ఇంగ్లిష్ ఫాంటసీలు ఒక అర నిండా ఉంచేవాణ్ణి. ప్రతి పుస్తకానికీ వెనక అట్ట లోపల ఒక కాగితం అంటించి, తీసుకెళ్ళిన తేదీ, తెచ్చిచ్చిన తేదీ రాసేవాణ్ణి. షాపు మూసేసినప్పుడు పుస్తకాలన్నీ అమ్మేశాను కానీ ఈ వరస మాత్రం అమ్మడానికి చేతులు రాలేదు. మీ ఉత్తరం రాగానే బీరువా తీసి పద్నాలుగు పుస్తకాల వెనక కాగితాలూ చూశాను.

మొదటి భాగానికి ఒకదాని మీద ఒకటి మూడు కాగితాలు అంటించి ఉన్నాయి, మూడూ నిండిపోయాయి. ఆరో భాగం దాకా ఇంచుమించు ఇదే జోరు. ఏడు నుంచి ఒక్కొక్క కాగితమే. పదోదాని మీద ఉన్నది పదకొండు తేదీలు. ఆ పదకొండు మందిలో ఆరుగురు రెండో రోజో మూడో రోజో తెచ్చి ఇచ్చేశారు. 140వ పేజీకీ 200వ పేజీకీ మధ్య నాలుగు చోట్ల మూలలు మడిచి ఉన్నాయి. అంటే మీరు ఆగిన చోటే వాళ్ళూ ఆగారు. రాకుమారి ఎలేన్ స్నానం చేస్తూ రాజకీయాలు ఆలోచించే ఘట్టం పక్కన ఎవరో పెన్సిలుతో “ఇంకా స్నానమేనా?” అని తెలుగులో రాశారు. నేను దాన్ని చెరపలేదు. ఆ పాఠకుడి మాటా న్యాయమే.

మిగతా అయిదుగురు మాత్రం తొమ్మిది, పది రోజులు ఉంచుకున్నారు. పదకొండో భాగం షాపుకి వచ్చిన వారంలోనే ఆ అయిదుగురూ వచ్చేశారు.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. ఈ పుస్తకానికి చెడ్డపేరు తెచ్చింది 2003 నాటి పాఠకులు. తొమ్మిదో భాగం 2000 నవంబరులో వచ్చింది, పదోది 2003 జనవరిలో. రెండేళ్ళకి పైగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసినవాళ్ళకి కథానాయకుడు నాలుగు పేజీల్లో కనిపించి మాయమైతే ఒళ్ళు మండదా? అందులో సగం కోపం పుస్తకం మీద, మిగతా సగం ఎదురుచూపు మీద. వారపత్రికల్లో సీరియల్ చదివిన వాళ్ళకి ఇది బాగా తెలుసు. వారం వారం చదువుతుంటే జీడిపాకంలా అనిపించిన సీరియల్ నవలగా అచ్చయ్యాక రెండు రాత్రుల్లో అయిపోయేది. మీకు ఆ రెండేళ్ళ నిరీక్షణ లేదు, పదకొండోది పక్కనే ఉంది. ఎలేన్ అధ్యాయాలు గబగబా తిప్పేయండి, నాకేం అభ్యంతరం లేదు. రాండ్ చిన్ననాటి స్నేహితులు పెర్రిన్, మాట్‌ల అధ్యాయాలు మాత్రం నిదానంగా చదవండి. చివరి అధ్యాయాలకు వచ్చేసరికి ఆఫీసుకి లేటవుతుంది, అక్కడ ఏం జరుగుతుందో నేను చెప్పను.

పదో భాగంలో కథ అడుగు ముందుకు పడదు. రాయడానికి ఏమీ మిగలక, డబ్బు కోసం సాగదీశాడని నా అభిప్రాయం. మీరు ఒప్పుకుంటారా?
— బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

కథ కదలదన్నది ఒప్పుకుంటాను. కారణం దగ్గర ఒప్పుకోలేను.

తొమ్మిదో భాగం చివర్లో ఏం జరిగింది? మగవాళ్ళు వాడే మంత్రశక్తిని మూడు వేల ఏళ్ళకి పైగా పట్టి ఉన్న విషాన్ని రాండ్, వాళ్ళ ఊరి వైద్యురాలు నైనీవ్ కలిసి కడిగేశారు. మొత్తం సిరీస్‌లోనే పెద్ద ఘట్టాల్లో ఒకటి. దాని తర్వాత ఏమవుతుందా అని మనం పదో పుస్తకం తెరుస్తాం. రచయిత మాత్రం గడియారాన్ని వెనక్కి తిప్పాడు. అదే రోజుల్లో పెర్రిన్ ఎక్కడున్నాడు, మాట్ ఎక్కడున్నాడు, వాళ్ళ ఊరి పిల్ల ఎగ్విన్ ఎక్కడుంది అంటూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాడు. ఎక్కడో దూరంగా ఇంత శక్తి భగ్గుమంటోందేమిటని వాళ్ళంతా భయపడుతుంటారు. అదేమిటో మనకి ముందే తెలుసు. తెలిసిన విషయాన్ని చూసి నలుగురు ఆశ్చర్యపోతుంటే వందల పేజీలు చదవడం కష్టమే. ఈ పద్ధతి తాను అనుకున్నంత బాగా కుదరలేదని జోర్డాన్ కూడా తర్వాత ఒప్పుకున్నారు. డబ్బు కోసం సాగదీసేవాడు అలా ఒప్పుకోడండీ. అదొక ప్రయోగం, తప్పింది.

దానికి తోడు పాత్రలు అప్పటికే పెళ్ళివారిల్లులా తయారయ్యాయి. అందరికీ ఒకే పంక్తిలో వడ్డించాలని చూశాడు. ఒక్కొక్కరి ఆకులో ఒక్కొక్క గరిటే పడింది, ఎవరి కడుపూ నిండలేదు. రెండేళ్ళ తర్వాత, 2005లో పదకొండో భాగం ‘నైఫ్ ఆఫ్ డ్రీమ్స్’ వచ్చింది. దాని పరుగు చూడండి. రాయడానికి ఏమీ మిగలనివాడి పుస్తకంలా ఉందా అది?

అంకుల్, నాకు పెర్రిన్ అంటేనే విసుగు. పెళ్ళాన్ని శత్రువులు ఎత్తుకుపోయారని ఏడుస్తూ మూడు పుస్తకాలు నడిపించాడు. పదో భాగంలో ధాన్యం కొనడానికి ఒక అధ్యాయమా?
— బీటెక్ విద్యార్థి, గుంటూరు

బాబూ, నువ్వు విసుక్కున్న ఆ అధ్యాయమే పదో భాగానికి గుండెకాయ. ఇంకోసారి నాతో పాటు చదువు.

పెర్రిన్ భార్య ఫెయిల్‌ని షైడో తెగవాళ్ళు బందీగా పట్టుకుపోయారు. వెంట ఉన్న సైన్యానికి తిండి లేదు, మంచు కురుస్తోంది. సో హబోర్ అనే ఊళ్ళో ధాన్యం ఉందని తెలిసి బళ్ళు కట్టుకుని వెళ్తాడు. ఊళ్ళో మనుషులు స్నానాలు మానేశారు, బట్టలు మురికి ఓడుతున్నాయి, కళ్ళలో కళ్ళు పెట్టి చూడరు. ఎందుకంటే ఆ ఊళ్ళో చచ్చిపోయినవాళ్ళు తిరుగుతున్నారు. బస్తా విప్పితే ధాన్యం నిండా ముక్క పురుగులు. లోకం చివరికొచ్చిందని మిగతా భాగాల్లో ఎవరో ఒకరు ప్రవచనం చెబుతుంటారు. ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పరు, బస్తాలో పురుగులు చాలు. గుప్పెడు గింజలు అరచేతిలో వేసుకుంటే అందులోంచి నల్లగా ఏదో కదలడం మన ఇళ్ళలో అందరం చూశాం కదా? వర్షాకాలంలో మా అమ్మ చాట పట్టుకుని వాకిట్లో కూర్చుని చెరుగుతుంటే, ఆ పురుగులు అరుగు మీద గోడ వైపు పాక్కుంటూ పోయేవి. పెర్రిన్ కూడా ఆ ధాన్యాన్ని తూర్పారబట్టించి తీసుకెళ్తాడు. వేరే దారి లేదు, సైన్యం తినాలి.

దాని తర్వాత అధ్యాయంలో చేజిక్కిన షైడో బందీలు ఎంత బాధపెట్టినా నోరు విప్పరు. పెర్రిన్ తన గొడ్డలితో ఒకడి చెయ్యి నరికేస్తాడు. కమ్మరి కొలిమిలో పని నేర్చుకున్న కుర్రాడు, మొదటి భాగం నుంచీ తన బలాన్ని చూసి తానే భయపడుతూ బతికినవాడు. భార్య కోసం ఏదైనా చేస్తానన్న మాటకి అర్థం ఏమిటో ఆ క్షణంలో అతని కళ్ళకు కట్టింది. ఆ గొడ్డలిని ఎదురుగా ఉన్న చెట్టులోకి విసిరి, అది దిగబడితే అక్కడే వదిలేసి వెళ్ళిపోతాడు. పది పుస్తకాలుగా ఆ గొడ్డలి అతని నడుముకి వేలాడుతూనే ఉంది. ఏనుగులు, గుర్రాలు, మంత్రాలు ఎన్ని ఉన్నా నాకు ఈ సిరీస్‌లో చప్పున గుర్తొచ్చేది మాత్రం చెట్టులో దిగిన ఆ గొడ్డలే. 2003లో మొదటిసారి చదివినప్పుడు రాత్రి పన్నెండు దాటింది, షాపు తాళం చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

వెతుకులాట మూడు భాగాల దాకా సాగిందన్న నీ మాట నిజం. ఒక భాగం తగ్గి ఉంటే బాగుండేది, అది నేనూ అంటాను.

పాత్రల పేర్లు గుర్తుండడం లేదు. ఏం చేయాలి?
— గృహిణి, కరీంనగర్

ప్రతి భాగం వెనక పేర్ల పట్టిక ఉంటుందండీ, ముందు అది చూడండి. సరిపోకపోతే ఒక నోటు పుస్తకంలో ఎవరు ఎవరి పక్షమో రాసుకోండి. నేనూ అలాగే రాసుకున్నాను, ఎనిమిదో భాగం నుంచి.

అన్నగారూ, జోర్డాన్ పోయాక చివరి మూడు భాగాలు వేరే రచయిత రాశాడు. పదో భాగమైనా ఆయన సొంత చేతిరాత కదా అని దాన్ని నెత్తిన పెట్టుకుంటాను. వేరేవాళ్ళు రాసినవి చదవడం ఆయనకి ద్రోహం చేసినట్టు అనిపిస్తుంది. మీకు అలా అనిపించలేదా?
— తెలుగు పాఠకుడు, డాలస్

మీ అభిమానం నాకు అర్థమైంది తమ్ముడూ. ఆయన పోయారని తెలిసిన రోజు నాకూ సొంతవాళ్ళు పోయినట్టే ఉంది. 2007 సెప్టెంబరు 16న, గుండెను పాడుచేసే అమిలాయిడోసిస్ జబ్బుతో కన్నుమూశారు. అప్పటికి 58 ఏళ్ళు. కథ ముగింపు మాత్రం ఆయన వదిలేసి పోలేదు. ఒంట్లో బాగా లేకపోయినా నోట్సు రాశారు, చెప్పి రాయించారు. చిట్టచివరి ఘట్టాన్ని ఆయనే రాసి పెట్టారు. భార్య హారియట్ మొదటి నుంచీ ఆ పుస్తకాలకి ఎడిటర్. జోర్డాన్‌కి నివాళిగా బ్రాండన్ శాండర్సన్ అనే యువ రచయిత రాసిన మాటలు ఆమె కంటపడ్డాయి. ఆయన నవల ఒకటి చదివి చూశాక పని అప్పగించారు. ఒక్క పుస్తకం అనుకున్నది మూడైంది, 2013 జనవరిలో పూర్తయింది.

ఇది ద్రోహం అయితే మనకి మహాభారతమే ఉండేది కాదు. 11వ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం సగంలో ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. మధ్యలో ఆ ఖాళీ అలాగే ఉండిపోతే, 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. అది కూడా నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడికే అంకితం ఇస్తూ! తన పేరు వెనక్కి నెట్టుకుని పెద్దాయన గొంతుకి తన గొంతు కలపడం ఎంత పెద్ద మనసు! శాండర్సన్ వాక్యం జోర్డాన్ వాక్యంలా ఉండదు, మాట్ హాస్యం మొదట్లో కాస్త పొసగదు, అది దాచను. అయినా చదవండి. పద్నాలుగో భాగంలో జోర్డాన్ ముందే రాసి ఉంచిన ఆ చివరి పేజీల దాకా మిమ్మల్ని తీసుకెళ్ళేది ఈ మూడు పుస్తకాలే.

అయ్యా, మా మనవడు పొద్దస్తమానం ఈ పుస్తకాలే పట్టుకుని కూర్చుంటాడు. భారతం ఇస్తే ముట్టుకోడు. మీరేమో వీటినే పొగుడుతున్నారు.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

మాస్టారూ, నమస్కారం. ఒక్క పని చేయండి. వాడు చదువుతున్న కథ మీకు చెప్పమనండి. కాలం చక్రంలా తిరుగుతుంది, యుగాలు పోయి మళ్ళీ వస్తాయి, వెనకటి యుగంలో జరిగింది ముందు కథగా, తర్వాత పురాణంగా మారిపోతుంది అని ప్రతి భాగం మొదటి అధ్యాయంలోనూ రాసి ఉంటుంది. యుగాల లెక్క వాడికి మీకన్నా బాగా చెప్పగలిగేదెవరు?

వాడు కూడా పదో భాగంలో ఆగి, ‘యుద్ధమే లేదు తాతా, అన్నీ మాటలే’ అంటే మీ ఊరి నాటకాల సంగతి చెప్పండి. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’లో పడకసీనుకి జనం తెల్లవార్లూ ఎలా కూర్చునేవాళ్ళో మీరు చూసే ఉంటారు. అక్కడ ఒక్క బాణం పడదు. ఒకాయన పడుకుని ఉంటాడు, ఒకడు తల దగ్గర, ఒకడు కాళ్ళ దగ్గర. జనం మాత్రం కదలరు, ఎందుకంటే ఆ పద్యాల్లో రాబోయే యుద్ధమంతా వినిపిస్తుంది. పదో భాగంలో ఎలేన్ అధ్యాయాల్లో లేనిది అదే, పెర్రిన్ అధ్యాయాల్లో ఉన్నదీ అదే.

ఈ వరసలో పదో భాగం ఒక్కటే ఎక్కడా దొరకడం లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ అంతా వెతికాను. విజయవాడలో దొరుకుతుందా?
— డిగ్రీ విద్యార్థి, నల్గొండ

జనవరిలో మా ఊళ్ళో జరిగే పుస్తకాల పండగలో పాత పుస్తకాల స్టాళ్ళు చూడు బాబూ. అప్పటిదాకా ఆగలేకపోతే పత్రిక ఆఫీసుకి ఉత్తరం రాయి, వాళ్ళు నాకు అందిస్తారు. నా కాపీ ఇస్తాను. అట్ట కాస్త ఊడింది, పెన్సిలు రాతలు ఉన్నాయి. అద్దె అక్కర్లేదు కానీ వెనక కాగితం మీద ఆ పదకొండు తేదీల కింద నీ తేదీ మాత్రం రాసి పంపుతాను. తిప్పి పంపేటప్పుడు తెచ్చిచ్చిన తేదీ నువ్వు వేయి.