రెండో తుంటి మార్పిడి: ఈసారి మంచి కాలు ఏది?

ప్రశ్న: నా వయసు 51. ఏవీఎన్ (తొడ ఎముక తలకు రక్తం అందక అది పాడయ్యే జబ్బు) వల్ల రెండు తుంటి కీళ్లూ దెబ్బతిన్నాయి. 14 నెలల కిందట కుడి తుంటి మార్చారు. ఎడమది మార్చి 4 వారాలైంది. రెండుసార్లూ కోత వెనక వైపు నుంచే. మొదటిసారి ఈపాటికి చేతికర్రతో వీధి చివరిదాకా వెళ్లేవాణ్ని. ఇప్పుడు వాకర్ వదిలితే పక్కకు ఒరిగిపోతున్నాను. ఎడమ కాలు పొడుగైనట్టు అనిపిస్తోంది. సాయంత్రానికి పాదం వాస్తోంది. నొప్పి ఎక్కువైతే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తెచ్చి వేసుకుంటున్నాను. కుడి తుంటి మార్చిన ఏడాదికి కింద బాసింపట్టు వేసుకుని కూర్చోగలిగాను. ఈసారీ కూర్చోవచ్చా? ఇంకో 6 వారాల్లో మేనకోడలి పెళ్లికి రైల్లో వెళ్లాలి.
- ఒక పాఠకుడు, ఖమ్మం

సలహా: ముందు ఆ డైక్లోఫెనాక్ ఆపేయండి. తుంటి మార్పిడి తర్వాత కాలి సిరల్లో రక్తం గడ్డకట్టకుండా దాదాపు 5 వారాలపాటు రక్తం పలచబడే మందు ఇస్తారు. మీరు ఇంకా అది వాడుతూనే ఉండాలి. దానికి డైక్లోఫెనాక్ తోడైతే కడుపులో రక్తస్రావం కావచ్చు. నల్లగా తారులాంటి విరేచనం అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పికి పారాసెటమాల్ 650 మిల్లీగ్రాములు, 6 గంటలకు ఒకటి చొప్పున రోజుకు 4 వరకు వాడొచ్చు. కాలేయ సమస్య గానీ మద్యం అలవాటు గానీ ఉంటే మీ డాక్టర్ని అడిగాకే. వ్యాయామానికి ముప్పావుగంట ముందు ఒకటి వేసుకుంటే పని తేలికవుతుంది. రక్తం పలచబడే మందు ఏ తేదీ వరకు వాడాలో డిశ్చార్జి కాగితంలో చూడండి. చాలామంది స్ట్రిప్ అయిపోయిన రోజే కోర్సూ అయిపోయిందనుకుంటారు.

ఇక నడక సంగతి. కుడి తుంటి మార్చాక ఈ 14 నెలలూ మీ ఎడమ కీలు నొప్పితోనే గడిచింది. నొప్పి ఉన్న కాలి మీద ఎవరూ పూర్తి బరువు వేయరు. అందువల్ల పిరుదు పక్కనుండే కండరం సన్నబడిపోతుంది. ఒంటికాలి మీద ఉన్నప్పుడు నడుము ఒరిగిపోకుండా పట్టి ఉంచేది ఆ కండరమే. కొత్త కీలు ఎంత బాగా కూర్చున్నా, కండరం కోలుకోవడానికి నెలలు పడుతుంది. కాబట్టి మొదటిసారి తేదీలతో పోల్చుకోకండి. 4 వారాలకు వాకర్ మీద ఉండటం తప్పేమీ కాదు.

రెండోసారి వచ్చే అసలు చిక్కు పాత అలవాటు. కుడి తుంటికి చేసినప్పుడు కర్ర ఎడమ చేత్తో పట్టుకున్నారు, ఇప్పుడు కుడి చేత్తో పట్టుకోవాలి. కర్రా, ఎడమ కాలూ ఒకేసారి ముందుకు పడాలి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు కుడి కాలు, దిగేటప్పుడు ముందు కర్ర, ఎడమ కాలు. 14 నెలల కింద ‘ఆపరేషన్ కాలు’ అని జాగ్రత్తగా చూసుకున్నదే ఇప్పుడు మీ మంచి కాలు. చెబితే సులువే, కానీ అర్ధరాత్రి బాత్రూమ్‌కు లేచినప్పుడు ఒంటికి పాత లెక్కే గుర్తొస్తుంది. మంచం కూడా మొదటిసారి సర్దినట్టే ఉంటే మార్చండి. ఎడమ పక్క నుంచి దిగాలి. అప్పుడు ఆపరేషన్ కాలు ముందుగా బయటికి వెళ్తుంది, మధ్యగీత దాటి లోపలికి రాదు. కర్ర పిడి, చెయ్యి కిందికి వదిలినప్పుడు మణికట్టు గీత ఎత్తుకు రావాలి.

వాకర్ ఎప్పుడు వదలాలి? డిశ్చార్జి కాగితంలో పూర్తి బరువు వేయవచ్చని రాసి ఉంటే, వాకర్‌తో రెండు అడుగులూ సమానంగా పడుతూ, ఒళ్లు ఎడమకు ఊగకుండా 10 నిమిషాలు నడవగలిగినప్పుడు కర్రకు మారండి. ఊగుతూ నడవడం అలవాటైతే కండరం బలపడ్డాక కూడా ఆ ఊగుడు ఉండిపోతుంది. కండరం కోసం వంటింటి గట్టు పట్టుకుని నిలబడి ఎడమ కాలిని నిటారుగా పక్కకు ఎత్తండి. మోకాలు, కాలివేళ్లు ముందుకే చూడాలి, నడుము కుడికి వాలకూడదు. 5 సెకన్లు ఆపి దించాలి. 10 సార్లు, రోజుకు మూడు విడతలు. చాలామంది పాదం బయటికి తిప్పి ఎత్తుతారు. అలా చేస్తే తొడ ముందు కండరం పనిచేస్తుంది గానీ పక్క కండరం చేయదు. నడక రోజుకు 4 సార్లు, 5 నుంచి 10 నిమిషాలు. మర్నాడు పొద్దున కూడా నొప్పి ఎక్కువగానే ఉంటే ఆ రోజు సగానికి తగ్గించండి.

కాలు పొడుగైనట్టు అనిపించడం మీలాంటివారిలో మామూలే. ఏవీఎన్‌లో తొడ ఎముక తల కుంగి కాలు కొంచెం పొట్టిదవుతుంది. కుడి కాలు మొదట సరైన ఎత్తుకు వచ్చింది, పొట్టిగా ఉన్న ఎడమ కాలికి మీరు అలవాటుపడ్డారు. ఇప్పుడు అదీ సమానమైతే ఒంటికి పొడుగనే తోస్తుంది. పైగా బిగుసుకున్న కండరాలు నడుమును ఒక పక్కకు లాగుతాయి. ఇది 3 నుంచి 6 నెలల్లో చాలావరకు సర్దుకుంటుంది. ఈలోగా కుడి చెప్పులో అదనపు సోల్ వేయించుకోవద్దు. వేయిస్తే నడుము ఆ వంపులోనే స్థిరపడుతుంది. 3 నెలల తర్వాత కూడా అలాగే ఉంటే సర్జన్ ఎక్స్‌రేతో కొలిచి చెబుతారు.

పాదం వాపు సాయంత్రం పెరిగి రాత్రి పడుకున్నాక తగ్గుతుంటే కంగారు వద్దు. రోజుకు మూడుసార్లు అరగంట వెల్లకిలా పడుకుని కాలు గుండెకంటే ఎత్తులో ఉంచండి, గంటకోసారి చీలమండను 20 సార్లు పైకీ కిందికీ ఆడించండి. కూర్చుని కాలు ఎత్తి పెట్టుకోవద్దు, తుంటి ఎక్కువ వంగుతుంది. పొద్దుటికీ తగ్గని వాపు, పిక్క గట్టిపడి నొప్పి ఉంటే అదే రోజు డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం గడ్డకట్టిందేమో చూసే పరీక్ష) చేయించాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. గాయం నుంచి రసి కారినా, 100.4 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా ఇంట్లో యాంటీబయాటిక్ మొదలుపెట్టకుండా సర్జన్‌కు చూపించాలి. ముందే మాత్రలు వేస్తే ఏ క్రిమో పరీక్షలో దొరకదు.

కింద కూర్చోవడం: 12 వారాల వరకు వద్దే వద్దు. ఆ తర్వాత కూడా మీకు వేసిన కీలు తల సైజు, అమరిక చూసి మీ సర్జనే చెప్పాలి. వెనక నుంచి కోసినవారిలో మోకాళ్లు బయటికి ఉండే బాసింపట్టు కన్నా, దాంట్లోంచి లేవడమే ప్రమాదం. ముందుకు వంగి, మోకాలు లోపలికి తిప్పి లేస్తాం. కీలు వెనక్కి జారేది సరిగ్గా ఆ భంగిమలోనే. పక్కకు పడుకుంటే కుడి వైపు పడుకుని, మోకాళ్ల నుంచి చీలమండల దాకా కాళ్ల మధ్య దిండ్లు పెట్టుకోండి. మోకాళ్ల మధ్య ఒక్కటే పెడితే పాదం కిందికి జారి తొడ లోపలికి తిరుగుతుంది. ఎప్పుడైనా టక్కుమని శబ్దం వచ్చి, కాలు పొట్టిదై, కదపలేకపోతే లాగి సరిచేయాలని చూడొద్దు. ఆసుపత్రికి చేరేదాకా తిండి, నీళ్లు కూడా వద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

పెళ్లి నాటికి మీకు 10 వారాలవుతాయి. 6 వారాల చెకప్‌లో అంతా సరిగ్గా ఉంటే వెళ్లొచ్చు. లోయర్ బెర్త్ తీసుకోండి, పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డే వాడండి, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. పెట్టె ఎక్కేటప్పుడు కుడి కాలు ముందు, దిగేటప్పుడు ఎడమ కాలు ముందు. మండపంలోని ప్లాస్టిక్ కుర్చీలు పల్లంగా ఉంటాయి, కాబట్టి 4 అంగుళాల గట్టి దిండు వెంట పెట్టుకోండి. భోజనం టేబుల్ మీదే. పెద్దల కాళ్లకు వంగి దండం పెట్టకుండా నిలబడే నమస్కరించండి.