ఒక్క శాతం ఓట్లు, చర్చల బల్ల దగ్గర రెండు కుర్చీలు

ఉత్తర ఐర్లండ్‌ శాంతి ఒప్పందంలో మహిళల పాత్ర గురించి వచ్చిన ప్రశ్నల్లో ఐదింటికి ఈసారి జవాబులు. ముందుగా కాస్త పూర్వరంగం. బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులు ఎక్కువగా ప్రొటెస్టెంట్లు, ఐర్లండ్‌లో కలవాలనే నేషనలిస్టులు ఎక్కువగా కాథలిక్కులు. 1960ల చివరి నుంచి 1998 దాకా ఈ రెండు వర్గాల సాయుధ దళాలూ, బ్రిటిష్ సైన్యమూ కలబడిన కాలంలో సుమారు 3,500 మంది చనిపోయారు. అప్పటి జనాభా పదిహేను, పదహారు లక్షలే.

ప్రశ్న: ఒక్క శాతం ఓట్లు వచ్చిన మహిళల పార్టీకి శాంతి చర్చల్లో చోటిచ్చారని చదివాను. దయతలచి ఇచ్చారా, గెలుచుకున్నారా?

జవాబు: గెలుచుకున్నారు, అదీ లెక్క వేసుకుని మరీ. చర్చల్లో ఎవరు కూర్చోవాలో తేల్చడానికి 1996 మే 30న ప్రత్యేకంగా ఓ ఎన్నిక పెట్టారు. మొత్తం 110 స్థానాలు. 18 నియోజకవర్గాల్లో ఒక్కోదానికి ఐదు చొప్పున 90. మిగిలిన 20 స్థానాలూ, మొత్తం ఓట్లలో మొదటి పది స్థానాల్లో నిలిచిన పార్టీలకు తలా రెండు. ఈ రెండో ఏర్పాటు ఆడవాళ్ల కోసం పెట్టింది కాదు. ప్రొటెస్టెంట్ సాయుధ ముఠాలతో సంబంధమున్న రెండు చిన్న పార్టీలు బయట మిగిలిపోతే కాల్పుల విరమణ నిలవదని, వాటిని లోపలికి తేవడానికి తెరిచిన తలుపు అది.

ఆ తలుపులోంచి తామూ వెళ్లొచ్చని మహిళా సంఘాలు ఏప్రిల్‌లో గమనించాయి. అంతకుముందు, మీ జాబితాల్లో ఆడవాళ్లను పెట్టండని పెద్ద పార్టీలను అడిగి చూశారు, పట్టించుకున్నవాళ్లు లేరు. అప్పటికి ఉత్తర ఐర్లండ్ నుంచి బ్రిటిష్ పార్లమెంటులో ఉన్న 17 మందిలో ఒక్క స్త్రీ కూడా లేదు. దాంతో ఆరు వారాల్లో పార్టీ పెట్టి, 70 మందిని నిలబెట్టారు. దాని పేరు ఉత్తర ఐర్లండ్ మహిళా కూటమి.

ఇంతమందిని నిలబెట్టడంలో కిటుకు ఉంది. ఏ నియోజకవర్గంలోనూ గెలవక్కర్లేదు. అన్నిచోట్లా పేరు ఉండాలి, అన్నిచోట్లా కాసిన్ని రాలాలి. ఓటు పడేది పార్టీకే అయినా, అభ్యర్థి ఉన్న ఊళ్లో ఆమె చుట్టాలూ, స్నేహితులూ, సంఘంలోని తోటివాళ్లూ ఓటేస్తారు. చివరికి వచ్చినవి 7,731 ఓట్లు, అంటే 1.03 శాతం. నియోజకవర్గానికి సగటున 430, అభ్యర్థికి 110. తొమ్మిదో స్థానం వచ్చింది. రెండు కుర్చీల్లో ఒకటి కాథలిక్ కుటుంబం నుంచి వచ్చిన అధ్యాపకురాలు మోనికా మెక్‌విలియమ్స్‌కు, రెండోది తూర్పు బెల్‌ఫాస్ట్ ప్రొటెస్టెంట్ వాడల్లో సామాజిక కార్యకర్తగా పనిచేసిన పెర్ల్ సేగర్‌కు. ఆ జంట కూర్పు యాదృచ్ఛికం కాదు.

ప్రశ్న: అసలు తగవు ‘బ్రిటనా, ఐర్లండా’ అన్నదే కదా. ఆ విషయంలో రెండు వర్గాల ఆడవాళ్లూ ఒకే మాట మీద ఎలా నిలిచారు?

జవాబు: నిలవలేదు. నిలవాలని పట్టుబట్టకపోవడమే వాళ్ల పద్ధతి. ఆ ప్రశ్న మీద పార్టీకంటూ వైఖరి లేదు. సభ్యులెవరి అభిప్రాయం వాళ్లది. పార్టీగా కట్టుబడింది మూడింటికి: మానవ హక్కులు, సమానత్వం, ఎవరినీ బయట ఉంచకపోవడం. బల్ల మీదకు ఏ కాగితం వచ్చినా ఈ మూడింటితో కొలిచి చూసేవారు. చర్చలకు వెళ్లే బృందంలో రెండు వర్గాలవాళ్లూ ఉండేవారు కాబట్టి, ‘ఈ మాట మావాళ్ల చెవికి ఎలా వినిపిస్తుంది’ అన్న పరీక్ష బయటికి రాకముందే జరిగిపోయేది. పెద్ద పార్టీలకు లేని వసతి ఇది. పొరుగువాడు ఏమనుకుంటాడో వాళ్లు ఊహించుకోవాలి, వీళ్లు పక్క కుర్చీని అడిగితే చాలు.

మూడింటిలోకీ ఖరీదైనది మూడోది. 1996 ఫిబ్రవరిలో నేషనలిస్టుల వైపు సాయుధ దళమైన ఐఆర్ఏ కాల్పుల విరమణను వదిలేసి లండన్‌లో బాంబు పేల్చింది. 1996 జూన్‌లో చర్చలు మొదలైనప్పుడు దాని రాజకీయ పక్షమైన షిన్ ఫేన్‌ను గుమ్మం బయటే ఆపారు. మహిళా కూటమి మాత్రం వాళ్లతో మాట్లాడటం మానలేదు. తుపాకీ పట్టిన రెండు వైపులవాళ్లూ లోపల లేకపోతే సంతకానికి విలువ ఉండదన్నది వాళ్ల వాదన. దీనికి యూనియనిస్టుల నుంచి తిట్లు పడ్డాయి. 1997 జులైలో విరమణ మళ్లీ అమలయ్యాక, సెప్టెంబరులో షిన్ ఫేన్ లోపలికి వచ్చింది. ఆ రాకకు ఒప్పుకోని రెండు యూనియనిస్టు పార్టీలు చర్చలు వదిలేశాయి.

ఈ పద్ధతి ఎక్కడ బెడిసికొట్టిందో కూడా చెప్పాలి. 1998 ఒప్పందం తర్వాత ఏర్పడ్డ అసెంబ్లీలో ప్రతి సభ్యుడూ తాను యూనియనిస్టో, నేషనలిస్టో, ‘ఇతరుల’లోనో నమోదు చేసుకోవాలి. కీలక నిర్ణయాలకు మొదటి రెండు వర్గాల్లోనూ విడివిడిగా మద్దతు కావాలి, ‘ఇతరుల’ ఓటు ఆ లెక్కలోకి రాదు. 2001 నవంబరులో యూనియనిస్టు నేత డేవిడ్ ట్రింబుల్‌ను మళ్లీ ఫస్ట్ మినిస్టర్‌గా, అంటే ప్రభుత్వాధినేతగా, ఎన్నుకోవడానికి యూనియనిస్టు ఓట్లు చాలలేదు. అప్పుడు కూటమికున్న ఇద్దరు సభ్యుల్లో ఒకరు యూనియనిస్టుగా, ఒకరు నేషనలిస్టుగా పేరు మార్చి రాయించుకున్నారు. అయినా చాలలేదు. కొన్ని రోజులకు మరో మధ్యేవాద పార్టీ, అలయన్స్ సభ్యులు ముగ్గురు కూడా యూనియనిస్టులుగా రాయించుకుంటేగాని ఎన్నిక గట్టెక్కలేదు. రెండు వర్గాలనూ కలపాలని తయారైన సభలో, ఏ వర్గమూ కాదన్న వాళ్లే వేషం మార్చుకోవలసి వచ్చింది.

ప్రశ్న: 1996 ఎన్నికతో ఏర్పడ్డ 110 మంది సభలో మహిళా కూటమివాళ్లను అవమానించారని విన్నాం. ఎలా తట్టుకున్నారు?

జవాబు: ఆడవాళ్లు మాట్లాడటానికి లేస్తే కొందరు యూనియనిస్టు సభ్యులు ఆవుల్లా అరిచేవారు. ఇంటికి పోయి పిల్లల్ని చూసుకోమన్నారు. వీళ్లు అవతలివాళ్ల గొంతుతో పోటీ పడలేదు. బయట ఒక బోర్డు పెట్టి, ‘ఈ వారం అవమానం’ అంటూ అన్న మాటా, అన్నవాడి పేరూ రాసిపెట్టారు. సభలో గాలికి పోయే కూత బోర్డు ఎక్కితే విలేకరి కంట పడుతుంది, ఓటరుకు చేరుతుంది. ఎన్నికల పోస్టర్లలోనూ అదే ధోరణి, ‘డైనోసార్లకు టాటా చెప్పండి’ అని.

ప్రశ్న: 1976 నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఇద్దరు మహిళల పీస్ పీపుల్ ఉద్యమానికి ఇది కొనసాగింపేనా?

జవాబు: వరస కలపొచ్చుగానీ వారసత్వం వేరు. 1976 ఆగస్టు 10న బెల్‌ఫాస్ట్‌లో సైనికులు ఒక ఐఆర్ఏ మనిషిని కాల్చగా, అతను నడుపుతున్న కారు అదుపు తప్పి కాలిబాట మీదకు దూసుకొచ్చింది. ముగ్గురు పిల్లలు చనిపోయారు. వాళ్ల పిన్ని మైరీడ్ కోరిగన్, ఆ దగ్గర్లోనే ఉండే బెట్టీ విలియమ్స్ కలిసి పిలుపునిస్తే వేలమంది వీధుల్లోకి వచ్చారు. కాథలిక్కులు ప్రొటెస్టెంట్ల శాంకిల్ రోడ్డులో నడిచారు. 1976 శాంతి బహుమతిని ఆ ఇద్దరికీ 1977లో ఇచ్చారు. కానీ ఊరేగింపు తర్వాత ఏమిటన్నది తేలలేదు. ‘హింస ఆపండి’ అన్న డిమాండును ఎవరి ముందు పెట్టాలి, ఎవరు ఒప్పుకుంటే అది నెరవేరినట్టు? దానికి తోడు బహుమతి డబ్బు మీద విభేదాలు వచ్చాయి. 1980 నాటికి విలియమ్స్ తప్పుకున్నారు.

కొందరు ఇంకా వెనక్కి, 1970 జులైకి వెళ్తారు. సైన్యం బెల్‌ఫాస్ట్‌లోని కాథలిక్ వాడ ఫాల్స్‌లో కర్ఫ్యూ పెట్టి ఇల్లిల్లూ సోదా చేస్తుంటే, పక్క వాడల ఆడవాళ్లు పిల్లల బండ్లలో రొట్టె, పాలు పెట్టుకుని సైనికుల వరసలను తోసుకుంటూ లోపలికి నడిచారు, కర్ఫ్యూ అక్కడితో ముగిసింది. సాహసమే, కాకపోతే అది ఒక వర్గం తనవాళ్ల కోసం చేసింది.

మహిళా కూటమికి అసలు పునాది ఇంకా నిశ్శబ్దమైనది. 1980ల నుంచి వాడల్లో నడిచిన మహిళా కేంద్రాలు అవి: పిల్లల సంరక్షణ, గృహహింస బాధితులకు సాయం, సంక్షేమ దరఖాస్తులు నింపడం. 1989లో బెల్‌ఫాస్ట్ నగర మండలి కాథలిక్ వాడలోని ఫాల్స్ మహిళా కేంద్రానికి గ్రాంటు ఆపేసింది. తమ గ్రాంటుకు ఢోకా లేని శాంకిల్ ప్రొటెస్టెంట్ మహిళలు ఆ కేంద్రం పక్షాన నిలబడ్డారు. ఎవరి జెండా వాళ్ల ఇంట్లోనే ఉంచి, గ్రాంటు దగ్గర కలిశారు. ఏడేళ్ల తర్వాత 70 మంది అభ్యర్థులు ఆరు వారాల్లో దొరికింది ఇలాంటి పరిచయాల వల్లే.

ప్రశ్న: ఒప్పందంలో వాళ్లు రాయించిన వాక్యాలు ఏమిటి? ఇప్పుడా పార్టీ ఏమైంది?

జవాబు: 1998 ఏప్రిల్ 10నాటి ఒప్పందంలో రాజకీయాల్లో స్త్రీల పూర్తి, సమాన భాగస్వామ్య హక్కు, హింస బాధితులకు ఆసరా, రెండు వర్గాల పిల్లలూ కలిసి చదివే బడులు, కలిసి ఉండే నివాసాలు, పౌర వేదిక అనే సలహా మండలి చోటుచేసుకున్నాయి. వీటి వెనక కూటమి ఒత్తిడి ఉంది. ఒప్పందం ప్రతి ఇంటికీ వెళ్లింది కానీ భాష వకీళ్లది. అందుకే కూటమి మామూలు మాటల్లో ఇంకో పాఠం తయారుచేసి పంచింది. మే 22 ప్రజాభిప్రాయ సేకరణలో ఉత్తరాన 71.1 శాతం ‘సరే’ అన్నారు.

పౌర వేదికకు అధ్యక్షుడు కాక 60 మంది సభ్యులు. అందులో 18 చోట్లు స్వచ్ఛంద, వాడ సంఘాలకు, రెండు బాధితులకు. 2000లో మొదలైంది, 2002లో అసెంబ్లీతోపాటే ఆగింది. అసెంబ్లీ తర్వాత తిరిగి వచ్చింది, వేదిక రాలేదు. పార్టీలకు అదంటే మొదటినుంచీ చిరాకే అనిపిస్తుంది. ఓట్లు తెచ్చుకోనివాళ్లు సలహా చెప్పడమేమిటని.

ఇక పార్టీ సంగతి. 1998 జూన్ అసెంబ్లీ ఎన్నికలో మోనికా మెక్‌విలియమ్స్, జేన్ మోరిస్ గెలిచారు. అక్కడ ఆరు సీట్ల నియోజకవర్గాల్లో ఓటరు ఒకటి, రెండు, మూడు అని వరస ఇస్తాడు, సీటుకు దాదాపు ఏడో వంతు ఓట్లు కావాలి. ఇద్దరికీ మొదటి ఎంపిక ఓట్లతో అవి రాలేదు, ఇతర పార్టీల ఓటర్ల రెండో, మూడో ఎంపికలు బదిలీ అయి గట్టెక్కించాయి. 2003 నాటికి రెండు వైపులా గట్టివాళ్లకే ఓట్లు గుమిగూడి, బదిలీ ఓట్లు అందేదాకా నిలబడలేకపోయారు. రెండు సీట్లూ పోయాయి, 2006లో పార్టీని మూసేశారు. మెక్‌విలియమ్స్ అప్పటికే మానవ హక్కుల సంఘానికి అధిపతి, అదీ ఒప్పందం పుట్టించిన సంస్థే. ఉత్తర ఐర్లండ్‌కు ప్రత్యేక హక్కుల చట్టంలో ఏముండాలో ఆ సంఘం 2008 డిసెంబరులో లండన్ ప్రభుత్వానికి రాసిచ్చింది. ఆ చట్టం ఇంకా రాలేదు.