ట్రావెల్ ట్రైలర్‌లో నేల మెత్తగా తగిలితే కొనొచ్చా? గోడ విప్పి చూసిన మా అనుభవం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నార్త్ కరోలినాలో ర్యాలీ ఊరి దగ్గర ఉంటున్నారు, ఇద్దరు పిల్లలు. డీలర్ దగ్గర కొత్త ట్రావెల్ ట్రైలర్, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, ఒకటి, బయట ఒకాయన దగ్గర 2021లో తయారైనది ఒకటి చూశారు. రెండోది బాగా తక్కువకి వస్తోంది గానీ తలుపు పక్కన నేల కాస్త మెత్తగా తగిలిందని, అది చిన్న రిపేరేనని అమ్మే ఆయన అన్నాడని రాశారు. కొత్తదైతే ఈ గొడవ ఉండదు కదా అని కూడా అడిగారు. మేం ఒహాయోలో కొలంబస్‌లో ఉంటాం. 2021లో కొత్త ట్రైలర్ కొని, మరుసటి ఏడాదే దాని గోడ విప్పాల్సి వచ్చింది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

కొత్తదైనా గొడవలు ఉంటాయండీ. మాకు డీలర్ దగ్గర గంటన్నరలో అంతా చూపించి తాళాలు ఇచ్చేశారు. పిల్లల సరదా కొద్దీ మొదటి రాత్రి ఇంటి ముందు డ్రైవ్‌వేలోనే పడుకున్నాం. పొద్దున్నే మా ఆవిడ సింకు కింద అల్మారా తెరిస్తే అడుగున నీళ్ళు నిలిచి ఉన్నాయి. డ్రెయిన్ పైపుకి ఉండే ప్లాస్టిక్ నట్టుని రెండు చుట్లు తిప్పి వదిలేశారు. చేత్తో బిగిస్తే సరిపోయింది. పై బంక్ బెడ్‌కి కొట్టిన స్క్రూల్లో ఒకటి చెక్కలోకి దిగనే లేదు, పక్కనుంచి బయటికి పొడుచుకొచ్చింది. హీటర్ గొట్టంలో రంపపు పొట్టు, స్టేపుల్ పిన్నులు. ఇవన్నీ అరగంట పనులు, వీటికి టెన్షన్ పడక్కర్లేదు. కంటికి కనపడని చోట నీళ్ళు దిగడం మాత్రం అలాంటిది కాదు.

ఎందుకిలా అంటే, అమెరికాలో తయారయ్యే ఆర్‌వీల్లో (ఇలాంటి చక్రాల ఇళ్ళన్నిటినీ అలాగే అంటారు) అత్యధిక భాగం ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల నుంచే వస్తాయి. కోవిడ్ తర్వాత అందరూ క్యాంపింగ్ మీద పడ్డారు. 2021లో ఫ్యాక్టరీల నుంచి 6 లక్షలకు పైగా ఆర్‌వీలు బయటికి వెళ్ళాయి, అదే రికార్డు. 2023కి ఆ సంఖ్య 3 లక్షల 13 వేలకి దిగిపోయింది. అంటే 2021లో లైన్ మీద ఎంత ఒత్తిడి ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. అక్కడ చాలా ఫ్యాక్టరీల్లో జీతం గంటల లెక్కన కాదు, ఎన్ని బండ్లు పూర్తయితే అంత. పనివాళ్ళని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. సందులు మూసే సీలెంట్ గన్‌తో నిలబడ్డ మనిషికి మూల మూలా తడిమి చూసుకునే టైమ్ ఇవ్వకపోతే అతను మాత్రం ఏం చేస్తాడు? పైగా ఇది బరువు తగ్గించడానికి సన్నటి చెక్కతో కట్టిన ఇల్లు. దాన్ని హైవే మీద గంటకి 65 మైళ్ళతో లాక్కెళ్తాం. ప్రతి కుదుపుకీ అతుకులు కొంచెం కొంచెం కదులుతాయి. ఆ సందుల్లోంచి వాన దిగుతుంది.

మా సంగతికి వస్తాను. 2022 జూలైలో హాకింగ్ హిల్స్ పార్కుకి క్యాంపింగ్ వెళ్ళాం. మూడు రోజులు వాన. మా మామగారు అప్పుడు ఇక్కడే ఉన్నారు. రాజమండ్రిలో టింబర్ డిపోలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి. వెనక మూల, పిల్లల బంక్ కింద పడుకున్నారు. తెల్లారి లేచి, "అల్లుడుగారూ, ఇక్కడ ఎక్కడో చెక్క నానుతోందండీ, వాసన తెలుస్తోంది" అన్నారు. దుప్పట్లు తడిశాయేమో మామయ్యగారూ అన్నాను. ఆయన నా మాట పట్టించుకోకుండా వేలి కణుపుతో గోడని తడుతూ మూల వైపు జరిగారు. టక్ టక్‌మన్న చప్పుడు మూల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. అక్కడ వాల్‌పేపర్ మీద గోరంత ముడత ఉంది. దాని మీద బొటనవేలు పెట్టి నొక్కితే లోపలికి పోయింది.

వారంటీ ఏడాదే. మాకది మేలోనే అయిపోయింది. డీలర్ దగ్గర వదిలితే ఏడు వారాలు ముట్టుకోలేదు. చివరికి 4,800 డాలర్లు అవుతుందన్నారు. వారంటీ ఉన్నా లాభం ఉండేది కాదని ఆ కాగితాలు అప్పుడు పూర్తిగా చదివాక తెలిసింది. కప్పు మీద సీలెంట్‌ని యజమాని క్రమం తప్పకుండా చూసుకుని, చూసినట్టు రాసి పెట్టుకోవాలట. లేకపోతే నీటి నష్టం వాళ్ళకి సంబంధం లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా, మెల్లగా దిగిన లీకు మా పాలసీలోకి రాదన్నారు. లోపాలున్న కొత్త బండిని కంపెనీ వెనక్కి తీసుకోవాలనే లెమన్ లా మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. చాలా రాష్ట్రాల్లో అది లాగుడు ట్రైలర్లకి వర్తించదు. 1975 నాటి మాగ్నసన్ మాస్ అనే ఫెడరల్ వారంటీ చట్టం ఉంది గానీ దానికి లాయరు కావాలి, ఏళ్ళు పడుతుంది. ట్రైలర్‌ని ఇంటికి తెచ్చేసుకున్నాం.

మాది చెక్క చట్రం మీద ముడతల అల్యూమినియం రేకు వేసిన రకం. మూలన నిలువుగా ఒక అల్యూమినియం పట్టీ ఉంటుంది, స్క్రూలు కనపడకుండా దాని మీద ప్లాస్టిక్ రిబ్బను. రిబ్బను లాగితే కింద స్క్రూలు పైన సగం దాకా తుప్పు పట్టి ఉన్నాయి. ఒకటి తిప్పుదామంటే తిరగలేదు, చేత్తో లాగితే ఊడి వచ్చింది. పట్టీ తీసి రేకు పక్కకి వంచాం. లోపల రెండంగుళాల చెక్క ఉండాల్సిన చోట నల్లటి ముద్ద. మామగారు స్పూన్‌తో తీశారు, తడిసిన అటుకుల్లా రాలింది. గులాబీ రంగు ఫైబర్‌గ్లాస్ దూది పిండితే నీళ్ళు కారాయి. ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందా అని పైకి వెతుక్కుంటూ వెళ్తే, పై అంచున రాత్రి వెలిగే చిన్న ఎర్ర లైటు వెనక, వైరు కోసం వేసిన కన్నం దగ్గర సీలింగ్ టేపు ఒక అంగుళం మేర లేదు. ఆ అంగుళం సందులోంచి పద్నాలుగు నెలలు వాన దిగింది.

రిపేరు మేమిద్దరమే చేశాం. ముందు మంచి చెక్క తగిలే దాకా చీకిపోయిందంతా తీసేశాం. ఇందులో మొహమాటం పనికిరాదు, మెత్తటిది ఒక్క ముక్క మిగిలినా బూజు మళ్ళీ అక్కడి నుంచే మొదలవుతుంది. ఫ్యాను, గాల్లో తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ పెట్టి ఎనిమిది రోజులు ఆరబెట్టాం. తొందరపడి మూడో రోజే మూసేద్దామన్నాను. మామగారు ఒప్పుకోలేదు, ఆయనదే కరెక్ట్. చెక్కలో చెమ్మ కొలిచే మీటర్ పెడితే ఇంకా 22 శాతం చూపించింది. 14కి వచ్చాకే కొత్త చెక్క పెట్టి, పాతదాని పక్కన ఇంకో ముక్క జోడీగా జిగురు, స్క్రూలతో బిగించాం. పట్టీ కింద బంకలా అంటుకునే కొత్త బ్యూటైల్ రబ్బరు టేపు, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్క్రూలు. బిగించేటప్పుడు టేపు అంచుల్లోంచి బయటికి ఉబికి రావాలి, అప్పుడే సందు నిండినట్టు. మిగిలింది ప్లాస్టిక్ ముక్కతో గీకేయొచ్చు. లైటుకి పైనా పక్కలా సీలెంట్ వేసి కింద మాత్రం వదిలేయాలి, ఎప్పుడైనా నీళ్ళు దిగితే బయటికి పోయే దారి ఉండాలి కదా. సామానుకి 310 డాలర్లు అయ్యాయి. నాలుగు వీకెండ్‌లు పోయాయి.

అప్పటి నుంచి మూడు నెలలకోసారి నిచ్చెన వేసుకుని కప్పు చూస్తాను. వెంట్లు, స్నానాల గది స్కైలైటు, యాంటెన్నా మొదలు, ముందూ వెనకా అంచులు ఇవన్నీ చేత్తో తడుముతాను. పగులు కనిపిస్తే శుభ్రం చేసి లాప్ సీలెంట్ వేస్తాను. ఆర్‌వీ కప్పుల కోసం అమ్మే ఈ సీలెంట్ దానంతటదే పరుచుకుంటుంది. ఎవరు చెప్పినా కప్పు మీద హార్డ్‌వేర్ షాపు సిలికాన్ మాత్రం వాడకండి. రబ్బరు కప్పుకి అది సరిగ్గా అంటుకోదు. పైగా ఒకసారి వేశాక దాని మీద ఇంకేదీ పట్టదు. పోయినసారి ఒక స్నేహితుడి ట్రైలర్ మీద అది గీకడానికి ఇద్దరికీ ఒక రోజంతా పట్టింది.

చక్రాల సంగతి క్లుప్తంగా చెబుతాను. టైరు పక్క గోడ మీద DOT అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు చివర నాలుగు అంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. ట్రైలర్ టైర్లు అరగకపోయినా ఐదారేళ్ళకి మార్చేయాలి, కాబట్టి ఆ పాతదానికి టైర్ల ఖర్చు కూడా ధరలో తగ్గించి అడగండి. బేరింగులకి గ్రీజు ఎప్పుడు పెట్టారో అడగండి. కింద దూరి, మన లారీలకుండే కమాను కట్టల్లాంటి స్ప్రింగులు చూడండి. చాలావాటికి బోల్టుల దగ్గర ప్లాస్టిక్ బుష్‌లే ఉంటాయి, అవి అరిగితే బోల్టు కన్నం కోలగా అవుతుంది. బండి గుర్తింపు సంఖ్య (విన్ నంబరు) కొట్టి, రోడ్డు భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో రీకాల్, అంటే లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలవడం, ఏమైనా ఉందో చూడటం రెండు నిమిషాల పని.

ఇక మీ మెత్తటి నేల. తలుపు ఫ్రేము చుట్టూ సీల్ పోయి దిగిన వాన కావచ్చు, చక్రాల నుంచి కిందవైపు చిమ్మిన నీళ్ళు కావచ్చు, లేదా పైపు లీకు. అమ్మే ఆయనకి ఇది చిన్న రిపేరో కాదో తెలిసే అవకాశం తక్కువ, మాకూ గోడ విప్పే దాకా తెలియలేదు. పిన్నులుండే మాయిశ్చర్ మీటర్ 30, 40 డాలర్లకి దొరుకుతుంది. ఆయన్ని అడిగి, బయటికి కనపడని చోట్ల, అంటే అల్మారాల లోపల, బంక్ కింద, నాలుగు మూలల్లో గుచ్చి చూడండి. 15 లోపు ఉంటే ఫర్వాలేదు. 20 దాటితే లోపల నీళ్ళున్నట్టే. తలుపు పక్కన ఉన్న హీటర్ జాలీ ఎత్తితే నేల చెక్క అంచు కనిపిస్తుంది. టార్చ్ వేసి, స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చండి.

గోడలు మాలాగా రేకువైతే, మెత్తదనం తలుపు దగ్గర అడుగు మేర మాత్రమే ఉంటే, పైన మూలలన్నీ పొడిగా ఉంటే, రెండువేల డాలర్లు తగ్గించి అడిగి కొనొచ్చు. పని నేర్చుకుంటే చేయగలరు. నున్నటి ఫైబర్‌గ్లాస్ గోడలైతే మాత్రం సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు గోడ పక్కన నిలబడి పొడవునా చూడండి. ఎక్కడైనా బుడగలా ఉబ్బి కనిపిస్తే లోపల జిగురు విడిపోయినట్టు. అది ఇంట్లో బాగుచేసుకునే పని కాదు, ఎంత తక్కువకి ఇచ్చినా వదిలేయండి.

కొత్తదే తీసుకుంటే నీళ్ళు, కరెంటు, గ్యాస్ మూడూ కలిపి కనీసం నాలుగు గంటలు అన్నీ నడిపించి చూడాలని ముందే చెప్పండి. ఒక రాత్రి డీలర్ లాట్‌లోనే పడుకోనిస్తారేమో అడగండి, కొందరు ఒప్పుకుంటారు. మీరు రాసిన లిస్టు మొత్తం సరిచేసే దాకా ఆఖరి సంతకం పెట్టకండి. సంతకం అయ్యాక మన ఫోన్‌కి జవాబివ్వడం ఎంత తగ్గిపోతుందో మేం చూశాం. ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్ల సంఘం ఎన్‌ఆర్‌వీఐఏ సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకుంటే కొన్ని వందల డాలర్లు అవుతుంది, నేను ఇప్పుడు కొంటే కచ్చితంగా పెడతాను.

ఈ వారాంతం మళ్ళీ చూడటానికి వెళ్తానన్నారు కదా. గోడ రేకుదా ఫైబర్‌గ్లాస్‌దా, నాలుగు మూలల్లో మీటర్ ఎంత చూపించిందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.