పాఠకుల ప్రశ్నలు – జవాబులు: వాద్యం మీద కాల్చి గీసే బొమ్మలు

ప్రశ్న: సొంతంగా ఉకులేలే (చిన్న గిటారు లాంటి నాలుగు తంతుల వాద్యం) తయారు చేస్తున్నాను. పైపలక స్ప్రూస్ అనే మెత్తటి చెక్క, మందం 2 మి.మీ. రంధ్రం చుట్టూ లతలు కాల్చి గీయాలని ముందు ఒక తునక మీద ప్రయత్నించాను. గీత ఒకచోట లేతగా, ఇంకోచోట మచ్చలా వస్తోంది. నా దగ్గరున్నది సోల్డరింగ్ ఐరన్ లాంటి 30 వాట్ల పెన్ను. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: చాలావరకు చెక్కలోనే. స్ప్రూస్‌లో మెత్తటి లేత పొర, గట్టి ముదురు చార పక్కపక్కనే ఉంటాయి. మెత్తటిచోట మొన దిగబడి మాడుస్తుంది, గట్టి చార తగలగానే పక్కకు జారుతుంది. వేడి పెంచితే మచ్చలు ఇంకా ముదురుతాయి. వేడి తగ్గించి, అదే గీతను రెండు మూడుసార్లు నెమ్మదిగా దిద్దాలి. మీ పెన్నులో వేడి తగ్గించే వీలుండదు కాబట్టి నైక్రోమ్ తీగ మొనతో, వేడి మార్చుకునేలా ఉన్నది కొనండి. ఈ పనిలో డబ్బు పెట్టాల్సింది దానికే. గీతలకు కత్తిలా వాలుగా ఉండే మొన, నీడలకు వెడల్పు మొన చాలు.

గీత మొదట్లో చుక్క పడుతోందంటే మొన ఆనించాక చేయి కదుపుతున్నారన్నమాట. విమానం నేల మీద దిగినట్టు, చేయి కదులుతుండగానే మొన ఆనాలి, కదులుతుండగానే లేవాలి. మొన మీద మసి పేరుకుంటే వేడి సరిగా అందదు, గీత మళ్లీ లేతబడుతుంది, అప్పుడప్పుడు తుడవండి.

పలకను 320 నంబరు సాండ్‌పేపర్‌తో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఆరాక లేచిన నూగును మళ్లీ రుద్దండి. బొమ్మను గ్రాఫైట్ కాగితంతో దించుకోండి. కార్బన్ కాగితం వద్దు, దాని జిడ్డు మరక చెక్క మీద నుంచి పోదు.

బ్రిడ్జి (పలక మీద తంతులను పట్టి ఉంచే చెక్క), అంచుపట్టీ అతికించకముందే కాల్చడం ముగించాలి. మాడిన చెక్కకు జిగురు సరిగా పట్టదు. బ్రిడ్జి కూర్చునే చోటును టేపుతో మూసేయండి. అంచుపట్టీ సెల్యులాయిడ్‌ది అయితే ఇట్టే నిప్పంటుకుంటుంది. వేడికి జిగురు మెత్తబడుతుంది కనుక పలక అతుకుల మీద మొన నిలపకండి. పైపొర రంగు మారితే చాలు. 2 మి.మీ. పలకలో లోతుగా కోస్తే పోగులు తెగి, తంతుల లాగుడికి ఆ చోటు బలహీనపడుతుంది. పొగ బయటికి పోయేలా ఫ్యాన్ పెట్టండి, గాలి మాత్రం మొన మీదికి తగలకూడదు. చివర లక్క పాలిష్ పలుచగా పూయండి. వాద్యాన్ని ఎండలో ఉంచితే సన్నగీతలు వెలిసిపోతాయి.

ప్రశ్న: పాలిష్ చేసిన బొబ్బిలి వీణ దండి మీద, మెట్ల పక్కన మా అమ్మాయి పేరు కాల్చి రాయించవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దండీ. పాలిష్ కాలితే వచ్చే పొగ హానికరం. పైగా మెట్లు నిలిచేది మైనంలో. వేడి తగిలితే అది కరిగి మెట్టు కదులుతుంది, మేళం మళ్లీ కట్టించాలి, అంటే మెట్లను మైనంలో సరైన స్వరస్థానాల్లో తిరిగి అమర్చించాలి. పేరు కావాలనుకుంటే వీణ పెట్టె చెక్కదైతే మూత లోపలివైపు, పాలిష్ లేని చోట రాయించండి.