8 అడుగుల బాల్కనీ తలుపుకి కర్టెన్ రాడ్డు: ముందు బ్రాకెట్ చూడండి, నాబ్ తర్వాత

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. హాల్లో 8 అడుగుల వెడల్పున్న స్లైడింగ్ తలుపుకి ఏ రాడ్డు బాగుంటుందన్నది ఒకటి. షాపులో చూపించిన గాజు నాబ్‌ల (రాడ్డు చివర్లకి అందం కోసం పెట్టే గుండ్లు) బంగారు రంగు సెట్టు తీసుకోవచ్చా అన్నది రెండోది. మా ఇంట్లోనూ, హైదరాబాదులో మా ఆడపడుచు కొత్త ఫ్లాట్‌లోనూ ఈ పనులన్నీ నేనే దగ్గరుండి చేయించాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

షాపులో అందరి కళ్ళూ ముందు నాబ్ మీదే పడతాయి. కానీ రోజూ బరువు మోసేది బ్రాకెట్, అంటే రాడ్డుని గోడకి పట్టి ఉంచే కొక్కెం. గోడకి ఆనే పళ్ళెం పెద్దదిగా, రెండు మూడు స్క్రూలు పట్టేలా ఉండాలి. చేతిలోకి తీసుకుంటే బరువు తెలియాలి. పైన బంగారు పూత ఉన్నా లోపల ప్లాస్టిక్ అయితే, వెలుగు రానివ్వని మందపాటి బ్లాకౌట్ గుడ్డ వేశాక మెల్లగా ముందుకి వాలిపోతుంది. డబ్బు కొంచెం ఎక్కువైనా లోహపు బ్రాకెట్టే తీసుకోండి, నాబ్ దగ్గర తగ్గించుకున్నా నష్టం లేదు.

8 అడుగులంటే మధ్యలో సపోర్ట్ తప్పదు. 19 మిల్లీమీటర్ల లావు రాడ్డు వద్దు, 25 తీసుకోండి. పైపు రేకు మందం కూడా అడగండి. బొటనవేలితో గట్టిగా నొక్కితే లొంగే రేకు ఇంత పొడవుకి పనికిరాదు. మధ్య సపోర్ట్ పెట్టాక రింగుల కర్టెన్ దాన్ని దాటి పోదు కాబట్టి సగం గుడ్డ ఎడమకి, సగం కుడికి జరుగుతుంది. గుడ్డంతా ఒకే పక్కకి జరగాలనుకుంటే మాత్రం రాడ్డు మానేసి అల్యూమినియం ట్రాక్ వేయించుకోండి. హుక్కుల మీద కుచ్చిళ్ళు పెట్టి కుట్టిస్తే ట్రాక్ కూడా చాలా అందంగా ఉంటుంది.

గుడ్డ వెడల్పు తలుపు వెడల్పుకి రెండింతలైనా ఉండాలి. రెడీమేడ్ కర్టెన్ ఒక్కోటి సుమారు 4 అడుగులు వస్తుంది కాబట్టి మీకు నాలుగు కావాలి. ప్రతిదానికీ రింగులు సరి సంఖ్యలో ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. సరి సంఖ్యలో ఉంటేనే రెండు అంచులూ గోడ వైపు తిరిగి నిలుస్తాయి.

ఎత్తు విషయంలో చాలామంది ఇబ్బంది పడతారు. మన ఇళ్ళలో లింటెల్ (తలుపు పైన అడ్డంగా ఉండే కాంక్రీటు దూలం) కింది అంచు సాధారణంగా 7 అడుగుల ఎత్తులో ఉంటుంది. రాడ్డు దానికి 6 అంగుళాల పైన బిగిస్తే, 7 అడుగుల రెడీమేడ్ కర్టెన్ నేలకి చాలా పైనే ఆగిపోతుంది. 9 అడుగులది కొంటే కింద మడిచి కుట్టించాలి. అందుకే గుడ్డ కొన్నాకే గోడకి రంధ్రాలు వేయించండి. అంచు నేలకి అర అంగుళం పైన ఉంటే తుడిచేటప్పుడు తడవదు.

ఇక గోడ సంగతి. తలుపుకి సరిగ్గా పైన తగిలేది లింటెల్ కాంక్రీటు. మామూలు డ్రిల్‌తో అది లొంగదు, హ్యామర్ డ్రిల్ ఉన్నవాళ్ళనే పిలవండి. అందం కోసం రాడ్డుని రెండు పక్కలా బాగా పొడిగించాలని ఉంటుంది. కానీ లింటెల్ సాధారణంగా తలుపు అంచు దాటి 6 అంగుళాల దాకానే పోతుంది, ఆపైన ఇటుకే. ఇటుకల మధ్య సిమెంటు అతుకులో పడ్డ స్క్రూ నాలుగు రోజులకే వదులవుతుంది. మా ఆడపడుచు వాళ్ళది గోడలన్నీ కాంక్రీటుతో పోసిన అపార్ట్‌మెంట్. అక్కడ రంధ్రం వేయడమే కష్టం, వేశాక మాత్రం కదలదు. ఏఏసీ బ్లాకుల (గాలి గదులుండే తేలికపాటి సిమెంటు దిమ్మెలు) గోడైతే అది మెత్తన, దానికోసమే వచ్చే పొడవాటి నైలాన్ ప్లగ్గులు అడగాలి. ఏ గోడైనా ఏసీ వైరు ఎటు నుంచి వస్తోందో ఎలక్ట్రీషియన్‌ని అడిగాకే డ్రిల్ పెట్టనివ్వండి. రెండు చివర్లూ రసమట్టం పెట్టి చూడమనండి. ఒక చివర కాస్త వాలినా గుడ్డ ఆ పక్కకే జారుతుంటుంది.

మేముండేది విశాఖలో, సముద్రానికి దగ్గర. ఇక్కడ పూత వేసిన ఇనుప రాడ్డు ఎక్కువ కాలం నిలవదు. కొలతకి కోసిన చివర పూత ఉండదు కాబట్టి తుప్పు అక్కడే మొదలై నాబ్ కిందకి పాకుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఉంటే 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకుని, ఆ గ్రేడు బిల్లు మీద రాయించుకోండి. 202 చూడడానికి అచ్చం అలాగే మెరుస్తుంది కానీ అందులో నికెల్ తక్కువ, ఉప్పు గాలికి మచ్చలు పడుతుంది. అయస్కాంతం పెడితే పూత వేసిన ఇనుము దొరికిపోతుంది, 202కీ 304కీ తేడా మాత్రం తెలియదు. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ళకి మంచి పౌడర్ కోటింగ్ ఉన్న రాడ్డు చాలు.

ఇప్పుడు మీ గాజు నాబ్‌లు. పగలు బాల్కనీ వెలుగు పడితే అవి నిజంగా బాగుంటాయి, నాకూ ఇష్టమే. అయితే కొనేముందు రాడ్డు చివర నుంచి పక్క గోడకి ఎంత చోటుందో కొలవండి. పెద్ద నాబ్ గోడకి తగిలేలా ఉంటే చదునైన ఎండ్ క్యాప్ పెట్టుకోవడమే మేలు. రంగు విషయంలో, అదే హాల్లో కనపడే తలుపు హ్యాండిళ్ళు, ఫ్యాను రంగు చూసి దానికి దగ్గరగా ఎంచుకోండి. యాంటిక్ బ్రాస్ చాలా ఇళ్ళలో కలిసిపోతుంది, టేకు తలుపులున్న చోట మరీ బాగుంటుంది. తళతళలాడే బంగారు రంగు మీద వేలి గుర్తులు, దుమ్ము త్వరగా కనపడతాయి. నెట్ కర్టెన్ కూడా వేసే ఆలోచన ఉంటే ఇప్పుడే రెండు రాడ్లు పట్టే డబుల్ బ్రాకెట్ తీసుకోండి, తర్వాత మార్చాలంటే మళ్ళీ గోడ తవ్వాలి.

మీ గోడ ఏ రకమో, తలుపుకి రెండు పక్కలా ఎంత జాగా ఉందో రాయండి. రాడ్డు ఎంత పొడవు తీసుకోవాలో, సపోర్ట్‌లు ఎక్కడ పెట్టించాలో చెబుతాను.