టెక్ సందేహాలు: మోటార్ మార్చే ముందు పీనియన్ చూడండి

ప్రశ్న: నా 1/10 స్కేల్ ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) ట్రక్‌లో పాత బ్రష్‌డ్ మోటార్ తీసేసి 3300 కేవీ బ్రష్‌లెస్ పెట్టాను. బ్యాటరీ 2ఎస్ లైపో (రెండు సెల్‌ల లిథియం పాలిమర్, 7.4 వోల్టులు). స్పర్ గేర్‌కి (పీనియన్ తిప్పే పెద్ద గేర్) 87 పళ్లు, లోపలి గేర్ నిష్పత్తి 2.6. వేగం చాలక పీనియన్‌ను (మోటార్ షాఫ్ట్‌పై ఉండే చిన్న గేర్) 19 పళ్ల నుంచి 23కి, టైర్లను 96 మి.మీ. నుంచి 110 మి.మీ.కి మార్చాను. ఇప్పుడు గడ్డిలో కాసేపు నడిపితే చాలు, మోటార్‌పై వేలు పెట్టలేకపోతున్నాను. ఇంకా ఎక్కువ కేవీ మోటార్ కొనాలా?

జవాబు: వద్దు. కొన్నా అదీ ఇలాగే కాలుతుంది, బహుశా ఇంకా త్వరగా. కేవీ అంటే లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్టుకు మోటార్ నిమిషానికి తిరిగే చుట్లు. అది శక్తికి కొలత కాదు. ఒకే సైజు మోటార్లలో కేవీ పెరిగేకొద్దీ అంతే టార్క్ కోసం ఎక్కువ కరెంటు లాగాల్సి వస్తుంది.

మీ లెక్క చూద్దాం. 3300ని 7.4 వోల్టులతో గుణిస్తే సుమారు 24,400 చుట్లు. మొదట్లో మొత్తం నిష్పత్తి 87/19 × 2.6, అంటే 11.9. చిన్న టైర్లతో కాగితం మీద గంటకు 37 కి.మీ. ఇప్పుడు నిష్పత్తి 9.8, టైరూ పెద్దది కాబట్టి 51 కి.మీ. పెద్ద టైరు కూడా పెద్ద పీనియన్ చేసే పనే చేస్తుంది, చాలామంది మరిచిపోయేది ఇదే. రెండూ కలిసి మోటార్‌పై భారం దాదాపు 40 శాతం పెరిగింది. వైండింగ్‌లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది రెట్టింపుకు దగ్గరైంది. పైగా గడ్డి!

17 పళ్ల పీనియన్ వేయండి. ఈ టైర్లతోనే భారం దాదాపు మొదటి స్థాయికి వస్తుంది, వేగం 38 కి.మీ. దగ్గర ఉంటుంది. పీనియన్ పిచ్ (పళ్ల సైజు) స్పర్‌తో కలవాలి: 48 పిచ్‌కి 48, 32కి 32. షాఫ్ట్ 3.17 మి.మీ.నో 5 మి.మీ.నో చూసి కొనండి. రెండు గేర్ల మధ్య పల్చటి కాగితం ముక్క పెట్టి మోటార్‌ను నొక్కి బిగించి, ఆ తర్వాత దాన్ని లాగేస్తే సరైన సందు వస్తుంది.

ఆపై వేలిని నమ్మకండి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడండి. నాలుగైదు నిమిషాలకోసారి ఆపి చూడండి. 70 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే నిశ్చింత. 80 దాటితే పీనియన్‌లో మరో పన్ను తగ్గించాలి. అతి వేడికి రోటర్ అయస్కాంతాలు బలహీనపడితే మళ్లీ కోలుకోవు.

నిజంగా వేగమే కావాలంటే 3ఎస్ (మూడు సెల్‌ల) బ్యాటరీకి వెళ్లండి. మోటార్, ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించే పరికరం) రెండూ దాన్ని తట్టుకుంటాయని మాన్యువల్‌లో ఉండాలి, పీనియన్ ఇంకా తగ్గించాలి. ఒక్క ఈఎస్‌సీ తట్టుకున్నంత మాత్రాన సరిపోదు.

ప్రశ్న: రాళ్లెక్కే క్రాలర్‌కి 35 టర్న్ (వైండింగ్ చుట్లు) మోటారా, 55 టర్నా?

జవాబు: రాళ్లే ముఖ్యమైతే 55. నెమ్మదిగా, అదుపులో కదులుతుంది. దారి మధ్యలో కాస్త పరుగూ కావాలంటే 35. బ్రష్‌లెస్ మీద మనసుంటే సెన్సర్డ్‌దే తీసుకోండి. సెన్సర్ లేనివి అతి తక్కువ వేగంలో తడబడుతూ కుదుపుతాయి, రాయి అంచున చక్రం నిలబడాల్సిన చోట అది పెద్ద తలనొప్పి.