ఫాల్స్ సీలింగ్ క్లిప్పుల డిజైన్: ఈ ఇంటర్న్‌షిప్‌లో చేరవచ్చా?

ప్రశ్న: మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఫాల్స్ సీలింగ్ ఫ్రేములు తయారుచేసే ఒక సంస్థలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఫ్రేము ముక్కలను స్క్రూలు లేకుండా కలిపే స్నాప్-ఫిట్ కనెక్టర్లను డిజైన్ చేసే విభాగం అది. ఇంకోచోట కారు బాడీ భాగాలకు క్యాడ్ మోడలింగ్ (కంప్యూటర్‌లో నమూనాలు గీయడం) చేసే అవకాశం కూడా ఉంది. ‘క్లిప్పులు గీయడానికా ఇంజనీరింగ్ చదివింది?’ అంటున్నారు నాన్నగారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఏది ఎంచుకోమంటారు?

జవాబు: నా ఓటు క్లిప్పులకే. అయితే చేరేముందు ఆ సంస్థను అడిగి తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ముందు, మీ నాన్నగారు చిన్నదనుకుంటున్న ఆ పని ఏమిటో చూద్దాం.

ఫాల్స్ సీలింగ్‌లో మెయిన్ టీలు, అంటే ‘T’ ఆకారంలో ఉండే పొడవాటి రేకు పట్టీలు, పైకప్పు నుంచి హ్యాంగర్ వైర్లతో వేలాడతాయి. వాటి మధ్య అదే ఆకారపు పొట్టి పట్టీలు, క్రాస్ టీలు, అడ్డంగా కూర్చుంటాయి. మెయిన్ టీలో ఉన్న సన్నని గాటులోకి రెండు వైపుల నుంచీ రెండు క్రాస్ టీల చివరలు దూరి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. బిగించే మనిషి నిచ్చెన మీద నిలబడి, చేతులు తలపైకి ఎత్తి, రోజంతా ఇదే పని చేస్తాడు. కాబట్టి క్లిప్పు తేలిగ్గా దూరాలి, దూరినట్టు ‘టక్’మని చప్పుడు వినిపించాలి. భవనం ఊగినప్పుడు ఊడకూడదు. రేపు పైన పైపు పని వచ్చి ఫ్రేము విప్పాల్సివస్తే మాత్రం పాడవకుండా బయటికి రావాలి. తేలిగ్గా దూరేది తేలిగ్గానే ఊడుతుంది. ఊడకుండా చేస్తే విప్పడం కష్టం. డిజైనర్ జీతం తీసుకునేది ఈ తగాదా తీర్చడానికే.

ఎంత బలం కావాలంటే, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఇ580 ప్రకారం భూకంప ముప్పు ఎక్కువగా ఉన్న భవనాల్లో ఈ కీళ్లు లాగినా, నొక్కినా 180 పౌండ్ల బలానికి ఆగాలి. అంటే సుమారు 800 న్యూటన్లు, ఒక నిండు మనిషి బరువు. ఆగాల్సింది సాధారణంగా అర మిల్లీమీటరు కూడా మందం లేని రేకు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేయండి. ఒక చివర బిగించి ఉన్న క్లిప్పు కొక్కెం వంగినప్పుడు దాని మొదట్లో వచ్చే గరిష్ఠ స్ట్రెయిన్ (అసలు పొడవులో ఎన్నో వంతు సాగిందో చెప్పే కొలత) ఇంత: 1.5 × మందం × వంపు (కొన ఎంత పక్కకు జరిగిందో), దాన్ని పొడవు వర్గంతో భాగించాలి. మందం 2 మి.మీ., వంపు 1.5 మి.మీ., పొడవు 15 మి.మీ. అయితే స్ట్రెయిన్ 2 శాతం. పొడవు 20 మి.మీ. చేస్తే 1.1 శాతానికి దిగిపోతుంది. చాలా ప్లాస్టిక్‌లకు ఇది పెద్ద సమస్య కాదు.

ఇదే కొక్కేన్ని 0.4 మి.మీ. స్టీల్ రేకులో గీయండి. పొడవు 15, వంపు 1.5 అలాగే ఉంచితే స్ట్రెయిన్ 0.4 శాతమే. ‘ఇంకా తగ్గింది కదా’ అనిపిస్తుంది. కానీ స్టీల్‌లో ఆ కొద్దిపాటికే దాదాపు 800 మెగాపాస్కల్స్ స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) వస్తుంది. ఫ్రేము చేసే మెత్తటి స్టీల్ అందులో మూడో వంతు దగ్గరే శాశ్వతంగా వంగిపోతుంది. క్రాస్ టీ చివర వేరే స్ప్రింగ్ స్టీల్ ముక్కను అతికించిన డిజైన్లు ఎందుకున్నాయో ఈ లెక్క చెబుతుంది. మొత్తం ప్లాస్టిక్‌తో చేస్తే పోదా అంటారా? ఎప్పుడూ బరువు మోస్తూ వంగి ఉన్న ప్లాస్టిక్ కాలక్రమంలో మెల్లగా సాగి పట్టు వదులుతుంది, మంటల్లో మెత్తబడుతుంది. అగ్నిప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకుని చేసే ఫ్రేముల్లో స్టీల్ కూడా వేడికి సాగుతుంది కాబట్టి, ఆ సాగుడును మింగడానికి మెయిన్ టీలో ముందే కోతలు పెడతారు. మెటీరియల్స్, స్ట్రెంగ్త్, తయారీ అని కాలేజీలో విడివిడిగా చదివినవన్నీ ఒకే క్లిప్పులో ఎదురవుతాయి. పరీక్షలో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి; ఇక్కడ ఒకేసారి మీద పడతాయి.

స్క్రీన్ మీద కనిపించని గొడవలు వేరే ఉన్నాయి. ప్రెస్‌లో వంచిన రేకు కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది. రేకును కోసే అచ్చు, అంటే డై, అరిగేకొద్దీ అంచున బర్ (గరుకు మొలక) పెరిగి గాటు ఇరుకవుతుంది. కొక్కెం మొదట్లో మూల పదునుగా వదిలేస్తే చీలిక అక్కడే మొదలవుతుంది. చిన్న ఫిల్లెట్ ఇస్తే, అంటే మూలను గుండ్రంగా చేస్తే, చాలావరకు తప్పుతుంది. ఇవి సాఫ్ట్‌వేర్ నేర్పేవి కావు. టూల్ రూమ్‌లో అనుభవజ్ఞుడైన డై మేకర్ పక్కన నిలబడితే వస్తాయి. నా లెక్కలో ఈ ఇంటర్న్‌షిప్‌లో అన్నిటికన్నా విలువైనది ఆయన పక్కన దొరికే ఆ చోటే.

‘సీలింగ్ కంపెనీలు ఎన్నుంటాయి, తర్వాత ఎక్కడికి పోతాను’ అన్న భయం సహజమే. పేరు చూస్తే ఇరుకైన రంగమే. కానీ కారు తలుపు లోపలి ప్యానెల్, ఎలక్ట్రికల్ కనెక్టర్, వైద్య పరికరం డబ్బా, ఇవన్నీ నిలిచేది స్నాప్-ఫిట్‌ల మీదే. రెండో అవకాశమని మీరు చెప్పిన కార్ల రంగానికి ఇక్కడి నుంచి దారి ఉంది. అక్కడ మోడలింగ్ మాత్రమే చేసి ఇటు రావడం అంత సులువు కాదు, ఎందుకంటే కొలతలను వేరొకరు నిర్ణయించి ఉంటారు. ఒక్క మాట: మీకు థర్మల్, ఫ్లూయిడ్స్ మీద మక్కువ ఉంటే ఇది మీ దారి కాదు, మొహమాటపడి చేరకండి.

చేరేలోపు పాత రిమోట్ బ్యాటరీ మూత తీసి, దాని కొక్కేన్ని కొలిచి పై లెక్క వేయండి. పేటెంట్లు చదవడం మొదలుపెట్టండి. సీలింగ్‌లకు వర్గీకరణ సంకేతం ఈ04బి 9. డొనాల్డ్ బ్రౌన్ 1958లో దరఖాస్తు చేసి 1961లో పొందిన సస్పెండెడ్ సీలింగ్ పేటెంట్‌తో మొదలుపెట్టి, తర్వాతివాళ్లు ఒక్కొక్కరూ ముందు డిజైన్‌లో ఏ లోపాన్ని పట్టుకున్నారో రాసుకోండి. భాష విసుగు పుట్టిస్తుంది, బొమ్మలు మాత్రం బంగారం.

ఇక సంస్థను అడగాల్సినవి. నేను గీసిన క్లిప్పు నమూనా నా చేతికి వస్తుందా? లాగి చూసే టెస్ట్‌లో నేనూ నిలబడవచ్చా? ఫెయిలైన ముక్కల్ని ఎవరు చూస్తారు? బిగించే పని జరిగేచోటికి ఒక్కసారైనా పంపుతారా? వీటికి వాళ్లు ఉత్సాహంగా జవాబు చెబితే వెంటనే చేరండి. ‘మీరు మోడల్ పంపండి, మిగతాది టూల్ రూమ్ వాళ్లు చూసుకుంటారు’ అంటే మాత్రం కారు బాడీ అవకాశమే తీసుకోండి. రెండుచోట్లా చేసేది ఒకే పనైనప్పుడు, మీ ఇంట్లో గొడవ లేనిదే మేలు.